‘పాపం, వాళ్ళమ్మ బలవంతం చేసి ఉంటుంది’

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా పాపకి ఆరున్నరేళ్ళు, బాబుకి నాలుగు. ఆడా మగా తేడా లేకుండా పెంచాలని నేనూ మావారూ మొదటినుంచీ అనుకున్నాం. నేను ఉద్యోగం చేస్తాను. మావారు వంటలో, పిల్లల పనుల్లో నాకు బాగా సాయం చేస్తారు. ‘ఇది ఆడపిల్లల బొమ్మ, ఇది మగపిల్లల బొమ్మ’ అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. కానీ ఈ మధ్య పాప మాటలు వింటుంటే టెన్షన్‌గా ఉంటోంది. తన క్లాసులో ఒక అబ్బాయి డాన్స్ నేర్చుకుంటున్నాడు. వాడి గురించి చెబుతూ ‘పాపం, వాళ్ళమ్మ బలవంతం చేసి ఉంటుంది’ అంది. నీకెలా తెలుసు అంటే, ‘అబ్బాయిలకి డాన్స్ ఇష్టం ఉండదు కదమ్మా’ అంది. మరి అక్కడికి వెళ్ళే అమ్మాయిల సంగతేంటి అంటే, ‘వాళ్ళకి ఇష్టం’ అంది. మా పక్కింటాయన్ని పిల్లలు బాబాయి అని పిలుస్తారు. ఆయన ఉద్యోగం మానేసి ఏడాదిగా పసిబిడ్డను చూసుకుంటున్నాడు. వాళ్ళావిడ ఆఫీసుకి వెళ్తుంది. మొన్న ఆయన ఎదురుగానే ‘బాబాయ్, నిన్ను ఆఫీసులో తీసేశారా?’ అని అడిగేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక గట్టిగా కోప్పడ్డాను. అప్పట్నుంచి నా ముందు అలాంటి మాటలు ఎత్తడం లేదు. కానీ నిన్న తమ్ముడితో ‘అమ్మ దగ్గర అనకు, కానీ నిజంగానే తీసేశారు’ అంటుంటే విన్నాను. మేము ఎక్కడ తప్పు చేశాం? ఇప్పుడేం చేయాలి?
– ఒక తల్లి

సమాధానం: మీ పాప ఎలా ఆలోచించిందో ముందు కాస్త నెమ్మదిగా చూద్దామమ్మా. మీకు కోపం తెప్పించిన మాటల్లోనే నాకు చురుకైన పిల్ల ఒకతి కనబడుతోంది.

ఆ అబ్బాయి డాన్స్ క్లాసుకి వెళ్తున్నాడు. ఇది పాప కళ్ళారా చూసింది. అబ్బాయిలకి డాన్స్ ఇష్టం ఉండదు. ఇది తనకు తెలుసని అనుకుంటోంది. మరి ఇష్టం లేనివాడు అక్కడికి ఎలా వచ్చాడు? ఎవరో పంపి ఉండాలి. పంపగలిగేది ఎవరు? అమ్మ. అందుకే ‘పాపం’. బాబాయి విషయంలోనూ అదే లెక్క. మగవాళ్ళు ఆఫీసుకి వెళ్తారు, ఈయన వెళ్ళడం లేదు, కాబట్టి వాళ్ళే రావద్దని ఉంటారు. ఒక్కో మెట్టూ సరిగ్గానే ఎక్కింది. కింద వేసిన మొదటి మెట్టు మాత్రం వంకరగా ఉంది.

ఇక అమ్మాయిల గురించి అడిగినప్పుడు చూడండి. ‘వాళ్ళకి ఇష్టం’, అంతే. అక్కడ అసలు విచారణే లేదు. వాళ్ళలో ఎంతమందిని అమ్మ చేర్పించిందో, ఎంతమంది స్నేహితురాలు వెళ్తోందని వెళ్తున్నారో పాపకి తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఒకే క్లాసు, ఒకే పాట, ఒకే మాస్టారు. అబ్బాయి వెళితే కారణం వాడి బయట ఉంది, అమ్మాయి వెళితే కారణం ఆమె లోపల ఉంది. ఆడవాళ్ళంటే ఇలా, మగవాళ్ళంటే ఇలా అనే మూస అభిప్రాయాలు పిల్లల ఆలోచనలో చేసే పెద్ద పని ఇదేనని నా నమ్మకం. ఎవరు ఏం చేయాలో చెప్పడంతో అవి ఆగవు. ఎవరిని ‘ఎందుకు’ అని అడగాలో, ఎవరిని అడగనక్కర్లేదో కూడా అవే తేల్చేస్తాయి.

ఎదుటి మనిషికి తనకంటే వేరే ఇష్టాలుంటాయని పాపకి తెలియక ఇలా అందనుకోకండి. ఆ సంగతి పిల్లలకి చాలా ముందే తెలుస్తుంది. 1997లో బెట్టీ రెపచోలి, ఆలిసన్ గోప్నిక్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు పసిపిల్లల ముందు రెండు గిన్నెలు పెట్టారు. ఒకదాంట్లో బిస్కెట్లు, ఇంకోదాంట్లో పచ్చి బ్రకోలీ. పిల్లలకి బిస్కెట్లే ఇష్టం, అది మామూలే. పరిశోధకురాలు మాత్రం బ్రకోలీ తిని ‘అబ్బ, ఎంత బాగుందో’ అన్నట్టు, బిస్కెట్ తిని ‘ఛీ’ అన్నట్టు మొహం పెట్టింది. తర్వాత చెయ్యి చాచి ‘నాకూ కొంచెం పెట్టవా’ అంది. పద్నాలుగు నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కెట్లే ఇచ్చారు. పద్దెనిమిది నెలల పిల్లలు బ్రకోలీ తీసి ఆమె చేతిలో పెట్టారు. ఏడాదిన్నర పిల్లలకే అంత తెలుసన్నమాట.

ఇంకో ప్రయోగం నాకు ఇంతకంటే ఇష్టం, మీ ప్రశ్నకి దగ్గరది కూడా. తమర్ కుష్నిర్, ఆమె తోటివాళ్ళు 2010లో ప్రచురించారు. ఒక ఉడుత బొమ్మ పెట్టెలోంచి వరసగా ఐదు ఆటవస్తువులు తీసుకుంటుంది, ఐదూ ఒకే రకం. పెట్టెలో ఆ రకం తప్ప మరొకటి లేనప్పుడు చూసిన పిల్లలు, ఉడుతకి అదంటే ప్రత్యేకమైన ఇష్టమని అనుకోలేదు. ఉన్నవే అవి కదా. అదే పెట్టెలో ఆ రకం కొన్నే ఉండి మిగతావన్నీ వేరే రకమైతే, వాటి మధ్యలోంచి ఏరుకుందంటే ఇష్టమే అయ్యుంటుందని గ్రహించారు. ఎవరో చెప్పకుండానే, మూడు నాలుగేళ్ళ పిల్లలు! ఏం తీసుకుందన్నది చూడటంతో ఆగకుండా, తీసుకోడానికి పెట్టెలో ఏమున్నాయో కూడా చూశారు.

ఆ పెట్టెను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాను.

ఇంత తెలివి ఉన్న పిల్ల డాన్స్ క్లాసు దగ్గరికి వచ్చేసరికి పెట్టె వైపు ఎందుకు చూడలేదు? మూస అక్కడికి ముందే చేరిపోయి జవాబు సిద్ధం చేసి పెట్టింది కాబట్టి. సిద్ధంగా ఉన్న జవాబు చేతిలో ఉంటే పెద్దవాళ్ళమే వెతకడం మానేస్తాం, పిల్లలెంత?

ఆ జవాబు ఎంత గట్టిగా పట్టుకుంటుందో నేను దగ్గరగా చూశాను. మా అక్క మనవరాలికి అప్పుడు ఆరేళ్ళు. ఒకరోజు నా పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం చూపించాను. అందులో ఒక పేజీలో ఒకావిడ కారు కింద వెల్లకిలా పడుకుని స్పానర్‌తో ఏదో బిగిస్తుంటుంది. జడ నేల మీద పరుచుకుని ఉంటుంది, గాజుల చెయ్యి ఒకటి బయటికి కనబడుతుంటుంది. నాలుగైదు రోజుల తర్వాత ఆ పిల్ల వాళ్ళ తమ్ముడికి కథ చెబుతోంది: ‘అప్పుడు అంకుల్ కారు కింద పడుకుని రిపేరు చేశాడు.’ అంకుల్ కాదే, ఆంటీ అన్నాను. ‘నువ్వు మర్చిపోయావు అమ్మమ్మా’ అంది, నా మీద జాలిపడుతూ. పుస్తకం తెచ్చి పేజీ తీశాను. చాలాసేపు చూసింది. జడ మీద వేలు పెట్టి రాసింది. తర్వాత తలెత్తి, ‘వాళ్ళాయన ఊరెళ్ళాడేమో’ అంది.

ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. జ్ఞాపకాన్ని సరిదిద్దగలిగాను, అంతే. అబ్బాయిల పని అబ్బాయిలదే అన్న నమ్మకం చెక్కుచెదరలేదు. దాన్ని కాపాడటానికి ఆ పిల్ల అప్పటికప్పుడు ఒక భర్తను పుట్టించి, ఆయన్ని ఊరికి కూడా పంపింది. జ్ఞాపకం ఇలా తారుమారు కావడం మా ఇంట్లో పిల్ల ఒక్కదానికే జరిగింది కాదు. కరోల్ మార్టిన్, చార్లెస్ హాల్వర్సన్ 1983లోనే దీన్ని చూపించారు. కట్టెలు కోస్తున్న అమ్మాయి బొమ్మలాంటివి ఐదారేళ్ళ పిల్లలకి చూపించి వారం తర్వాత అడిగితే, చాలామంది అక్కడ అబ్బాయిని చూసినట్టు చెప్పారు. అందుకే ఎదురు ఉదాహరణలు చూపిస్తే చాలు, పిల్లలు మారిపోతారని నేను అనుకోను. మీ ఇంట్లో నాన్న వంట చేస్తున్నా, ఎదురుగా బాబాయి బిడ్డను ఎత్తుకుని తిరుగుతున్నా పాప మనసులోని నియమం అలాగే ఉంది చూశారా? నియమం మారలేదు, దానికి ‘తీసేశారు’ అనే కారణం వచ్చి చేరింది.

పాప వయసు కూడా కలిసొచ్చింది. ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య ఈ నియమాలు బాగా బిగుసుకుని ఉంటాయి, ఆ తర్వాత మెల్లగా సడలుతాయి. మరియాన్ టేలర్ 1996లో పిల్లల్ని ఒక ఊహ చేయమంది: పసిపాపగా ఉన్నప్పుడే ఒక అమ్మాయిని మగవాళ్ళు మాత్రమే ఉండే దీవికి తీసుకెళ్ళి, అక్కడే పెంచితే పెద్దయ్యాక ఎలా ఉంటుంది? తొమ్మిది పదేళ్ళలోపు పిల్లలు ఎక్కువగా చెప్పింది, అప్పుడు కూడా ఆమె ‘అమ్మాయిలాగే’ బొమ్మలతో ఆడుకుంటుందని. పెరిగిన చోటు, చుట్టూ ఉన్న మనుషులు ఇష్టాలను మలుస్తారన్న ఆలోచన ఇంకొంచెం పెద్దయ్యాక గాని గట్టిపడలేదు. అంటే మీ పాప ఆలోచన ఆ వయసుకి వింతేమీ కాదు. అలాగని ‘పెద్దయితే అదే పోతుందిలే’ అని వదిలేయమని నేను చెప్పను. ఆరేళ్ళప్పుడు ఇతరుల గురించి అనుకున్నది తన మీదికి తిప్పుకోవడం కూడా అదే వయసులో మొదలవుతుంది. లిన్ బియాన్, సారా-జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఐదేళ్ళ అమ్మాయిలు ‘చాలా చాలా తెలివైనవాళ్ళు’ అంటే అబ్బాయిల్లాగే తమవాళ్ళను ఎంచుకున్నారు. ఆరేళ్ళు వచ్చేసరికి అది తగ్గింది. ‘ఇది చాలా తెలివైనవాళ్ళ ఆట’ అని పరిచయం చేసిన ఆటంటే ఆరేడేళ్ళ అమ్మాయిలకి ఆసక్తి తగ్గింది. ‘బాగా కష్టపడేవాళ్ళ ఆట’ అన్నప్పుడు మాత్రం అబ్బాయిలకీ అమ్మాయిలకీ తేడా లేదు. రేపు మీ పాప ఒక ఆట వద్దంటే ‘దానికి ఇష్టం లేదు’ అని ఎవరో అంటారు. ఆ మాట అనే ముందు ఎవరైనా పెట్టెలోకి చూడాలని నాకుంటుంది.

ఎక్కడ తప్పు చేశాం అని అడిగారు. ఆ మాటను నేను ఒప్పుకోను, ఎందుకంటే పిల్లలు ఇంట్లోనే కాదు, ప్రతిచోటా లెక్కలు కట్టుకుంటూనే ఉంటారు. స్కూల్లో ‘అబ్బాయిలు ఇటు, అమ్మాయిలు అటు’ అని రెండు వరసలు కట్టించడం చూడండి. టీచర్ మనసులో ఏ వివక్షా ఉండకపోవచ్చు, వరస తొందరగా కుదరాలనే అలా అని ఉంటారు. లేసీ హిలియార్డ్, లిన్ లిబెన్ 2010లో బడికి ముందు వయసు పిల్లల తరగతుల్లో కేవలం రెండు వారాలు ఇలా చేయించి చూశారు. వరసలు, పలకరింపులు, అన్నీ అమ్మాయిలు, అబ్బాయిలు అని విడదీసి. అమ్మాయిల గురించి గాని అబ్బాయిల గురించి గాని ఒక్క చెడ్డమాట చెప్పలేదు. అయినా రెండు వారాల్లో పిల్లల్లో మూస అభిప్రాయాలు పెరిగాయి, అవతలి జట్టు పిల్లలతో ఆడటం తగ్గింది. పెద్దవాళ్ళు ఇంత పట్టింపుగా విడదీస్తున్నారంటే ఇందులో ఏదో పెద్ద సంగతి ఉండి ఉంటుందని పిల్లలు అనుకుంటారు.

ఇక మన మాట. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. ‘మగపిల్లలు ఏడవరు.’ ‘ఆడపిల్లలు అలా కూర్చోరు.’ తెలుగులో ఈ ‘ఏడవరు’, ‘కూర్చోరు’ అన్న రూపం ఒకేసారి రెండు పనులు చేస్తుంది. లోకంలో జరిగేది ఇది అని చెబుతుంది, నువ్వు అలా చేయకూడదని ఆంక్ష కూడా పెడుతుంది. వినే పిల్లకి ఆ రెండూ విడివిడిగా వినబడవు. అసలే ఆ వయసు పిల్లలకి ఆ రెండింటి మధ్య గీత పల్చగా ఉంటుంది. స్టీవెన్ రాబర్ట్స్, సూసన్ గెల్మన్, ఆర్నాల్డ్ హో 2017లో పిల్లలకి ‘హిబుల్స్’, ‘గ్లర్క్స్’ అని రెండు కల్పిత జట్లను చూపించారు. ఒక జట్టువాళ్ళు ఒక రకం పళ్ళు తింటారు, రెండో జట్టువాళ్ళు ఇంకో రకం. ఒక హిబుల్ వెళ్ళి అవతలి రకం పండు తింటే అది మంచిపనేనా అని అడిగారు. చిన్నపిల్లలు ఎక్కువగా ‘కాదు’ అన్నారు. ఆ పండులో విషం లేదు, దొంగతనం చేసిందీ లేదు. మనవాళ్ళు చేసేది చేయలేదు, అదే తప్పయింది. ఇది అర్థమైతే మీ పాప గొంతులో ‘పాపం’ ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. తన లెక్కలో ఆ అబ్బాయి తప్పుచోట ఇరుక్కుపోయాడు. పిల్ల వాడి మీద జాలి చూపిస్తోంది. ఆ జాలి మంచిదే, దాన్ని చంపకండి.

అందుకని ‘మగపిల్లలు’, ‘ఆడపిల్లలు’ అని మొదలయ్యే వాక్యాలు మీ ఇంట్లో ఎన్ని పుడుతున్నాయో ఒక వారం గమనించండి. చెడ్డవే కానక్కర్లేదు, మంచివి కూడా. ‘ఆడపిల్లలు ఎంత బుద్ధిగా చదువుకుంటారో’ అన్నా మూస మూసే. వాటి బదులు పేరు పెట్టి చెప్పండి, ‘ఈ పిల్ల బుద్ధిగా చదువుతోంది’ అని. ఇంకో మాట, ‘అమ్మాయిలు కూడా అబ్బాయిలంత బాగా లెక్కలు చేయగలరు’ అని మనం మంచి ఉద్దేశంతోనే అంటాం. ఎలినార్ చెస్ట్‌నట్, ఎలెన్ మార్క్‌మన్ 2018లో చూపించింది ఏమిటంటే, ఇలాంటి వాక్యం చదివిన పెద్దవాళ్ళకే లెక్కలు సహజంగా అబ్బాయిలవన్న అభిప్రాయం కలిగింది. ఎవరితో పోలుస్తామో వాళ్ళు కొలబద్ద అవుతారు. ‘కూడా’ అన్న చిన్నమాటలో ఎంత బరువుందో చూడండి.

మీ ఉత్తరంలోనూ అలాంటి మాట ఒకటుంది, నొచ్చుకోకుండా వినండి. ‘మావారు నాకు బాగా సాయం చేస్తారు’ అని రాశారు. ఎవరి పనో వాళ్ళకి చేసేదాన్ని సాయం అంటాం. ఇంటిపని నాది, ఆయన ఓ చెయ్యి వేస్తున్నారు అన్న అర్థం అందులోనే ఉంది. ఆయన చేసే పనిని మీ పాప కళ్ళతో చూస్తోంది, దాని పేరు మాత్రం మీ నోటివెంట వింటోంది. నాన్న పొయ్యి దగ్గర ఉన్నాడంటే అమ్మకి సాయం. మరి అమ్మ ఇంట్లో లేనప్పుడు బాబాయి పొద్దున్నుంచీ బిడ్డతో ఉన్నాడంటే అది ఎవరికి సాయం? ఆ లెక్కకి జవాబు దొరక్క ఆఫీసువాళ్ళ మీదికి వెళ్ళిందేమో. ‘ఈ పూట వంట నాన్నది’ అనడం మొదలుపెట్టండి. అంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. మొట్టమొదట పాపతో రాజీ పడండి. కోప్పడటం వల్ల తను నేర్చుకున్నది ఒకటే: ఈ ఆలోచన అమ్మకి నచ్చదు, లోపలే ఉంచుకోవాలి. తమ్ముడికి రహస్యంగా చెప్పింది అందుకే. లోపలికి వెళ్ళిపోయిన ఆలోచనతో మాట్లాడటం కష్టం. తమ్ముడితో అన్న మాట చాటుగా విన్నానని మాత్రం చెప్పకండి. తీరిగ్గా ఉన్నప్పుడు, ‘ఆ రోజు బాబాయి గురించి అడిగినందుకు కోప్పడ్డాను కదా. నువ్వు తెలుసుకోవాలని అడిగావు, నేనే తొందరపడ్డాను. ఆయన ఇంట్లో ఎందుకుంటున్నాడని నీకు అనిపిస్తోంది?’ అనండి. తీసేశారు అని చెబితే కాదనకండి. ‘అలా కూడా అయ్యుండొచ్చు. ఇంకా ఏమై ఉండొచ్చు?’ అని అడగండి. ఒక్కదానితో ఊరుకోకుండా మూడు కారణాలు చెప్పమనండి. రెండోది తడుముకుంటుంది, మూడోదానికి చాలాసేపు తీసుకుంటుంది. ఆ తడుముకోవడంలోనే పని జరుగుతోంది. పిల్లని ఎత్తుకోవడం ఆయనకి ఇష్టమేమో, పిన్నికి తన ఆఫీసంటే ఇష్టమేమో, ఇద్దరూ మాట్లాడుకుని వంతులు వేసుకున్నారేమో.

తర్వాత బాబాయినే అడగనివ్వండి. ముందు మీరు విడిగా వెళ్ళి ఆ రోజు జరిగినదానికి నొచ్చుకోవద్దని చెప్పి, పాప మళ్ళీ వచ్చి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పగలరా అని అడగండి. ఆయనకి ఇబ్బందైతే వదిలేయండి. ఒప్పుకుంటే పాపకి ప్రశ్న ఎలా అడగాలో నేర్పండి. ‘నిన్ను తీసేశారా’ అన్నది ప్రశ్నలా వినబడినా అందులో జవాబు ముందే ఉంది. ‘బాబాయ్, నువ్వు ఇంట్లో ఉండాలని ఎలా అనుకున్నావు?’ అన్నదాంట్లో ఆయన చెప్పుకోడానికి చోటుంది. ఒక జాగ్రత్త. మీకు తెలిసింది ఆయన ఉద్యోగం మానేశాడని మాత్రమే. అందులో ఇష్టం ఎంత, అవసరం ఎంత అన్నది మీకూ తెలియదు. అందువల్ల ‘ఇదంతా బాబాయి ఇష్టపడి చేస్తున్నాడు’ అని మీరే ఒక అందమైన కథ అల్లి పాపకి ఇవ్వకండి. ఆయన ఏం చెబితే అదే.

ఇక పెట్టె దగ్గరికి వస్తాను. నా దృష్టిలో ముఖ్యమైనది ఇదే, పెద్దవాళ్ళం తరచు వదిలేసేదీ ఇదే. డాన్స్ నేర్చుకునే అబ్బాయి గురించి మాట్లాడితే సగం పనే అవుతుంది. ‘అబ్బాయిలకి కూడా డాన్స్ ఇష్టం ఉండొచ్చు’ అని ఒప్పించామే అనుకోండి, అమ్మాయిల గురించి ‘వాళ్ళకి ఇష్టం’ అన్న మాట అలాగే మిగిలిపోతుంది. ఆ మాటనీ కదిలించాలి. అక్కడికి వెళ్ళే అమ్మాయిల్లో ఒకరిని గుర్తు చేసి, ‘తనకి ఇష్టమని నీకెలా తెలుసు? ఎవరు చేర్పించారో అడిగావా? ఆ టైంలో ఇంకే క్లాసులున్నాయి? ఫుట్‌బాల్ కూడా ఉండి, ఏది కావాలో తననే అడిగి ఉంటే?’ అనండి. ఉడుత పెట్టెలోంచి ఒకే రకం తీసిందంటే, పెట్టెలో అవే ఉన్నాయేమో చూడాలి కదా.

ఇది ఆరేళ్ళ పిల్లకి మించిన సంగతని భయపడకండి. నాద్యా వాసిల్యేవా, ఆలిసన్ గోప్నిక్, తానియా లొంబ్రోజో 2018లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఒక స్కూలు గురించి చెప్పారు. అక్కడ అమ్మాయిల గదిలో ఒక ఆట ఎక్కువ ఆడతారు, అబ్బాయిల గదిలో ఇంకో ఆట. గదిలోని ఏర్పాటే ఆ ఆటకి వీలుగా ఉందని కనబడేలా చూపించినప్పుడు, ‘అమ్మాయిలు కాబట్టి’ అని ఊరుకోకుండా గది ఎలా ఉందో చెప్పడం ఆ వయసు పిల్లల్లోనే మొదలైంది. పెద్దపిల్లల్లో అది ఇంకా ఎక్కువ. అంటే చూపించేవాళ్ళు ఉండాలే గాని, చూసే కళ్ళు పిల్లలకి ఉన్నాయి.

ఈ అలవాటు ఎందుకు ఇంత ముఖ్యమంటే, అందరిలాగా నడుచుకునేవాళ్ళ గురించి మనం ఎప్పుడూ అడగం. క్లాసులో చేతులు కట్టుకుని కూర్చునే అమ్మాయిని చూసి ‘నెమ్మదస్తురాలు’ అంటాం. తనకి నెమ్మది ఇష్టమో, లేచి పరిగెత్తితే ఎవరేమంటారోనన్న బెదురో కనుక్కోం. దెబ్బ తగిలినా ఏడవని అబ్బాయిని ధైర్యవంతుడంటాం, వాడు ఏడుపు ఎక్కడ దాచుకున్నాడో చూడం. ఇష్టమనుకుని వదిలేసిన ఇలాంటి పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ళలో కొందరు పెద్దయ్యాక ఉత్తరాలు రాస్తారు, ‘నన్నెవరూ అడగలేదు’ అని. మీ పాప అడగడం నేర్చుకుంటే తన పక్కన కూర్చునే పిల్లకి కూడా మేలు జరుగుతుంది.

చిన్న ఆట ఒకటి చెబుతాను, బాబుకి కూడా పనికొస్తుంది. మన మాటలో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనగానే ఆడో మగో తేలిపోతుంది. ‘వచ్చారు’ అంటే తేలదు. కథ చెప్పేటప్పుడు ‘డాక్టర్ గారు వచ్చారు, సూది వేశారు’, ‘డ్రైవర్ గారు బస్సు ఆపారు, దిగి టైరు మార్చారు’ అని గౌరవంగానే చెప్పుకుంటూ పోండి. చివర్లో డ్రైవర్ గారి బొమ్మ గీయమనండి. ఇద్దరూ ఏం గీసినా మెచ్చుకోండి, సరిదిద్దకండి. ‘ఈయన మగవాళ్ళని కథలో ఎక్కడ విన్నావు?’ అని మాత్రం అడగండి. వినలేదని, తామే అనుకున్నామని వాళ్ళకి వాళ్ళే కనిపెడతారు.

బడిలో ఎవరైనా ఆ అబ్బాయిని ఏడిపిస్తే పాప ఏమనాలో కూడా ఇంట్లోనే నోటితో అనిపించి చూడండి. లిండ్సే లాంబ్, రెబెకా బిగ్లర్ తదితరులు 2009లో ఐదు నుంచి పదేళ్ళ పిల్లలతో చేసిన పనిలో, ఇలాంటి మాటలకి ఎదురు చెప్పేవాళ్ళ కథలు విన్న పిల్లలకంటే, ఆ జవాబుల్ని స్వయంగా అని అలవాటు చేసుకున్న పిల్లలే తర్వాత నిజంగా అనగలిగారు. ‘డాన్స్ ఎవరిదీ కాదు, వచ్చినవాళ్ళదే’ లాంటి చిన్నమాట చాలు. మీరు ఏడిపించేవాళ్ళలా నటించండి, పాపని జవాబు చెప్పనివ్వండి. తర్వాత పాత్రలు మార్చుకోండి.

వచ్చేవారం స్కూలు నుంచి వచ్చాక, డాన్స్ క్లాసులోని అబ్బాయినొకసారి, అమ్మాయినొకసారి ఒకే ప్రశ్న అడిగి రమ్మనండి: ‘నువ్వు డాన్స్ క్లాసులో ఎలా చేరావు?’ ఇద్దరి జవాబులూ మీకు చెప్పమనండి. వాళ్ళేం చెప్పారో, పాప ఏమనుకుందో నాకు కూడా రాయండి. ఎదురుచూస్తుంటాను.